ఎవరి కొరకు, ఎవరి ద్వారా

నవంబర్ 2, కతోలికులు పోయినవాళ్ళందరినీ తలుచుకునే రోజు. ఆ సాయంత్రం హైదరాబాదు నారాయణగూడ సమాధుల తోట దగ్గర బండి పెట్టడానికి చోటు దొరకదు. గేటు బయట బంతిపూలు, చామంతులు, కొవ్వొత్తుల కట్టలు. లోపల కొందరు సమాధి రాయిని బ్రష్షుతో రుద్దుతుంటారు, కొందరు వెలిసిపోయిన పేరు మీద మళ్ళీ నల్లరంగు అద్దుతుంటారు. గాలికి కొవ్వొత్తి ఆరిపోకుండా మా అక్క ప్రతి ఏడూ ప్లాస్టిక్ గ్లాసుల అడుగు కోసి తెస్తుంది. అమ్మ సమాధికి నాలుగు మూలలా నాలుగు గ్లాసులు. ఫాదర్ గారు ఒక్కో వరసా దాటుతూ, దీవించిన నీళ్ళు చల్లుకుంటూ మా దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతుంది.

మా బావ మాత్రం గేటు దాటి లోపలికి రారు. ఆయనది పెంతెకోస్తు సంఘం. అమ్మంటే ఇష్టం లేక కాదు, చివరి ఏడాది ఆమెను ఆసుపత్రుల చుట్టూ తిప్పింది ఆయనే. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించడం వాక్యానికి విరుద్ధమని ఆయన నమ్మకం. ఒక ఏడాది బయట చాయ్ తాగుతూ నన్ను అడిగారు.

"మీ ఆర్‌సీఎం వాళ్ళ లెక్క నాకు అర్థం కాదు తమ్ముడూ. చనిపోయిన అత్తయ్య కొరకు మీరు ప్రార్థిస్తారు. చనిపోయిన అంతోనిని మీ కొరకు ప్రార్థించమంటారు. ఇంతకీ వాళ్ళకు మీ సాయం కావాలా, మీకు వాళ్ళ సాయం కావాలా? ఏదో ఒకటి తేల్చుకోండి."

నేను విన్న ప్రశ్నల్లో ఇంత సూటిగా ఉన్నది ఇంకొకటి లేదు. రోమన్ కతోలికులకూ మిగతా సంఘాలకూ మధ్య ఐదు వందల ఏళ్ళుగా నలుగుతున్న రెండు గొడవలను బావ ఒక్క ముడి వేసి నా చేతిలో పెట్టారు. రెంటినీ విడదీసి జవాబు చెప్పబోతే ఆ ముడి ఇంకా బిగుస్తుంది. దాని కొస నాకు తెలుగు వ్యాకరణంలో దొరికింది.

బడిలో విభక్తులు వల్లె వేసినవాళ్ళకు "కొఱకున్, కై" అనేవి చతుర్థి అని గుర్తుండే ఉంటుంది. గుడిలో వినిపించే రెండు రకాల మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. "ఫలానావారి ఆత్మ విశ్రాంతి కొరకు" అనేది ఒకటి. "పునీత అంతోనివారా, మా కొరకు ప్రార్థించండి" అనేది రెండోది. పునీతుడు అంటే మోక్షం చేరాడని కతోలిక సంఘం ప్రకటించిన మనిషి, పదమూడో శతాబ్దపు అంతోని అలాంటివారు. రెంటిలోనూ "కొరకు" ఉంది. మొదటిదాంట్లో అది పోయినవాళ్ళకు తగిలింది, రెండోదాంట్లో మనకు. కానీ ఇచ్చేవాడు రెంటిలోనూ దేవుడే. అమ్మకు విశ్రాంతినిచ్చేది నేను కాదు. నాకు కావలసింది ఇచ్చేది అంతోని కాదు. ప్రార్థించడం, ప్రార్థించమని అడగడం, ఈ రెంటికీ మనం వాడేది ఒకే క్రియ కాబట్టి బయటివాళ్ళ చెవికి అంతా ఒకటిగా వినిపిస్తుంది.

మరి ఎవరి కొరకు అడగాలి, ఎవరిని అడగమనాలి? కతోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1964లో శ్రీసభ (కతోలిక సంఘం) గురించి వెలువరించిన పత్రం విశ్వాసుల్లో మూడు రకాలవాళ్ళున్నారని చెబుతుంది. భూమ్మీద ఇంకా నడకలో ఉన్నవాళ్ళు, చనిపోయి శుద్ధి అవుతున్నవాళ్ళు, దేవుణ్ణి కళ్ళారా చూస్తున్నవాళ్ళు. ముగ్గురిదీ ఒకే కుటుంబం, చావు ఆ బంధాన్ని తెంచదు. ఇది 1964లో కొత్తగా పుట్టిన మాట కాదు. వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) కొరకు ప్రార్థించడం ఆయన్ను అవమానించడమేననీ, ఆయన ప్రార్థనలకు మనల్ని మనం అప్పగించుకోవాలనీ ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ తన ప్రసంగంలో చెప్పి పదహారు వందల ఏళ్ళు దాటింది. చేరుకున్నవాళ్ళను అడగమంటాం, ఇంకా దారిలో ఉన్నవాళ్ళ కొరకు అడుగుతాం. బావ ఏదో ఒకటి తేల్చుకోమన్నది అగస్టీన్ ఎప్పుడో తేల్చేశాడు, కాకపోతే రెండూ ఉంచి తేల్చాడు.

ఇక్కడ అసలు మెలిక "దారిలో ఉన్నవాళ్ళు" అనే మాట. దీనికి మన కతోలికుల్లో వాడుకలో ఉన్న పేరు ఉత్తరించు స్థలం. పేరు వినగానే చాలామందికి నరకానికి పక్క గది, మంటల్లోంచి చేతులెత్తి అరిచే మనుషులు గుర్తొస్తారు. పాత పటాల పుణ్యం అది. ఉత్తరించడం అంటే దాటడం, గట్టెక్కడం. 1992లో వచ్చిన కతోలిక సత్యోపదేశం, అంటే శ్రీసభ అధికారిక బోధనల గ్రంథం, దీన్ని చివరి శుద్ధీకరణ అంటుంది. దేవుడి స్నేహంలోనే చనిపోయి, ఇంకా పూర్తిగా శుద్ధి కానివాళ్ళ సంగతి ఇది. వాళ్ళ రక్షణ ఖాయమైపోయింది, అక్కడినుంచి నరకానికి దారి లేదు. అది ఒక చోటు కాదు, ఒక స్థితి అని రెండో జాన్ పాల్ పోప్ 1999 ఆగస్టు 4న జనం ముందు ఇచ్చిన ఉపదేశంలో వివరించారు. కాలుస్తూనే కాపాడే ఆ నిప్పు క్రీస్తే అని కొందరు వేదాంతులు అంటున్న మాటను 16వ బెనెడిక్ట్ పోప్ 2007లో నిరీక్షణ మీద రాసిన లేఖలో ఎత్తుకున్నారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో "అగ్నిలోనుండి తప్పించుకున్నట్టు" రక్షణ పొందే మనిషి కనిపిస్తాడు. కతోలికులు చూపించే వాక్యాల్లో అదొకటి.

క్షమాపణ దొరికాక మళ్ళీ శుద్ధి ఏమిటని బావ అడుగుతారు. నాకు తోచిన పోలిక ఒకటుంది. ఊరి నుంచి వచ్చిన కొడుక్కి అమ్మ గుమ్మంలోనే చెంబుతో నీళ్ళిచ్చి కాళ్ళు కడుక్కోమంటుంది. లోపలికి రావద్దని కాదు, వచ్చేశాడు కాబట్టే. లోపలికి రానివాడు గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కోడు. దారి దుమ్ము అంటుకుంది, ఇల్లు తనదే, అన్నం వడ్డించి ఉంది. ఆ కాళ్ళు కడుక్కునే కాసేపే ఉత్తరించు స్థలం. పోయినవాళ్ళ కొరకు మనం చేసే ప్రార్థన చెంబు అందించడం లాంటిది. కడిగే నీళ్ళు మనవి కావు, ఆ ఇంటి బావివే.

సిలువ మీద దొంగతో యేసు "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నారు కదా, అతనికి ఏ శుద్ధి జరిగిందని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. శుద్ధిని గంటల్లో, రోజుల్లో కొలవలేమన్నది కతోలికుల జవాబు. ఫలానా ప్రార్థనకు పాపశిక్షలో ఇన్ని వందల రోజుల మినహాయింపు అని పాత పుస్తకాల్లో అచ్చయ్యేది. 1967లో ఆరో పౌల్ పోప్ ఆ రోజుల లెక్కను తీసేశారు. మా అమ్మమ్మ జపమాల పుస్తకంలో ఆ అంకెలు ఇంకా ఉన్నాయి.

ఇక వాక్యం మాట. ప్రొటెస్టెంట్ బైబిల్లో 66 పుస్తకాలు, కతోలిక బైబిల్లో 73. ఎక్కువ ఉన్న ఏడింటిలో మక్కబీయుల రెండో గ్రంథం ఒకటి. దాని 12వ అధ్యాయంలో యుద్ధం అయిపోయాక యూదుల సేనాని యూదా మక్కబీయుడు తనవాళ్ళ శవాలను ఏరించడానికి వెళ్తాడు. చనిపోయిన ప్రతివాడి అంగీ కిందా యామ్నియా అనే ఊరి విగ్రహాల తాయెత్తులు బయటపడతాయి. అందరూ ప్రార్థనలో పడతారు. తర్వాత రెండువేల వెండి ద్రాక్మాలు పోగుచేసి, పాపపరిహార బలి కోసం యెరూషలేముకు పంపిస్తారు. మృతులు మళ్ళీ లేస్తారన్న ఆశ లేకపోతే వాళ్ళ కొరకు ప్రార్థించడం వెర్రితనమే అయ్యేదని రచయిత కలగజేసుకుని మరీ రాస్తాడు.

మా పుస్తకంలో ఇది లేదని బావ అంటే వాదన అక్కడితో ఆగిపోవాలని లేదు. దైవవాక్యంగా ఒప్పుకోకపోయినా, యేసు పుట్టకముందే యూదుల్లో ఈ అలవాటు ఉందనడానికి ఇది చరిత్ర సాక్ష్యం. యూదులు ఈనాటికీ తల్లో తండ్రో పోతే పదకొండు నెలలు కద్దీష్ అనే ప్రార్థన చదువుతారు. అయితే మనవాళ్ళు ఈ అధ్యాయంతో అన్నీ రుజువైపోయినట్టు మాట్లాడటం నాకు నచ్చదు. తాయెత్తు కట్టుకుని చావడం కతోలిక లెక్కలో చిన్న పాపం కాదు. ఉత్తరించు స్థలం సిద్ధాంతానికి ఈ కథ అచ్చుగుద్దినట్టు సరిపోదు. ప్రార్థన ముందు పుట్టింది, దానికి సిద్ధాంతం తర్వాత కుదిరింది. ఆర్థడాక్స్ సంఘాలు కతోలికుల సిద్ధాంతాన్ని ఒప్పుకోకుండానే పోయినవాళ్ళ కొరకు మొదటినుంచీ ప్రార్థిస్తున్నాయి.

నా మటుకు నాకు సిద్ధాంతం కన్నా మోనికా మాట బలంగా తగులుతుంది. అగస్టీన్ తల్లి ఆమె. 387లో సొంత ఊరికి తిరుగు ప్రయాణంలో ఓస్తియా రేవులో జబ్బుపడింది. ఆఫ్రికాలో భర్త పక్కన పాతిపెట్టించుకోవాలని అంతకుముందు ఆమెకు ఎంతో ఆశ. చివరికి కొడుకులతో, ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, దాని గురించి బెంగపడకండి, ఎక్కడున్నా ప్రభువు పీఠం దగ్గర నన్ను తలుచుకోండి, అదొక్కటే అడుగుతున్నాను అంది. అగస్టీన్ ఆత్మకథలో ఉన్న మాట ఇది. పూజలో (కతోలికుల గుడి ఆరాధనలో) పేరు చదివించడం అనే ఆచారమంతా ఆ కోరికలోనే ఉంది.

నవంబర్ 2న అందరినీ ఒకేసారి తలుచుకోవడం మాత్రం తర్వాత వచ్చింది. ఫ్రాన్స్‌లోని క్లునీ మఠాధిపతి ఓడిలో వెయ్యో సంవత్సరం అటూ ఇటుగా తన మఠాల్లో మొదలుపెడితే అది మెల్లగా లోకమంతా పాకింది. ఆ రోజు ఒక్కో గురువు (ఫాదర్) మూడేసి పూజలు చేయవచ్చు. ఆ అనుమతి 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో శవాలు గుట్టలు పడుతుంటే, 15వ బెనెడిక్ట్ పోప్ ఇచ్చారు.

డబ్బు సంగతి చెప్పకుండా దాటేస్తే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. ప్రొటెస్టెంట్ సంఘాలకు నాంది పలికిన జర్మన్ సన్యాసి లూథర్ గొడవ మొదలైందే అక్కడ. రోములో పేతురు గుడి కట్టడానికి డబ్బు కావలసి, పోయిన బంధువుల ఆత్మల పేరుతో ఇండల్జెన్సుల చీటీలు అమ్మారు. పాపం క్షమించబడ్డాక మిగిలే శిక్షకు ఇచ్చే మినహాయింపును ఇండల్జెన్స్ అంటారు. 1517లో లూథర్ రాసిన 95 అంశాల్లో ఉత్తరించు స్థలమే లేదన్న మాట లేదు. పెట్టెలో నాణెం గలగలమనగానే ఆత్మ ఎగిరిపోతుందని చెప్పడం మీద కోపం ఉంది. పోప్‌కు అంత అధికారమే ఉంటే డబ్బు కోసం కాకుండా ప్రేమ కోసం అందరినీ విడిపించవచ్చు కదా అన్న ప్రశ్న ఉంది. 82వ అంశం అది, ఇప్పటికీ పదునుగానే ఉంటుంది. ఉత్తరించు స్థలాన్నే కాదనడం ఆయన తర్వాత చేసిన పని.

కతోలికుల వైపునుంచి జవాబు ఆలస్యంగా వచ్చింది. కతోలిక బిషప్పుల త్రెంతు మహాసభ 1563 డిసెంబరులో, ఉత్తరించు స్థలం ఉందనీ, అక్కడి ఆత్మలకు మన ప్రార్థనలు, ముఖ్యంగా పూజాబలి సాయపడతాయనీ రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంది. మంటలెంత, వేడెంత అనే జోలికి పోలేదు. దాని బదులు, జనాన్ని అయోమయంలో పడేసే సూక్ష్మ చర్చలను పామరుల ముందు పెట్టవద్దనీ, మూఢనమ్మకానికీ డబ్బు కక్కుర్తికీ చోటివ్వవద్దనీ మేత్రాణులను (బిషప్పులను) హెచ్చరించింది. 1567లో ఐదో పయస్ పోప్ డబ్బుతో ముడిపడిన ఇండల్జెన్సులన్నిటినీ రద్దు చేశారు.

ఇండల్జెన్స్ అనేది పోలేదు, అమ్మకం పోయింది. నవంబర్ 1 నుంచి 8 వరకు సమాధుల తోటకు వెళ్ళి పోయినవాళ్ళ కొరకు ప్రార్థిస్తే, పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం), దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) లాంటి షరతులతో, ఆ ఫలాన్ని ఒక ఆత్మకు అప్పగించవచ్చు. కోవిడ్ ఏడాది 2020లో జనం గుమిగూడకుండా ఆ ఎనిమిది రోజులను నెల మొత్తానికి పొడిగించారు.

ఇప్పుడు డబ్బు ఎక్కడుంది? విచారణ (గుడి పరిధి) ఆఫీసు బల్ల మీద ఒక రిజిస్టర్ ఉంటుంది. తేదీ, పూజ టైము, ఎవరి కొరకు, ఎవరు పెట్టిస్తున్నారు. ఇచ్చే కానుక పూజకు ధర కాదని శ్రీసభ చట్టం. 1983 చట్టసంహితలో 945 నుంచి వరసగా ఈ నియమాలున్నాయి. వ్యాపారమనే అనుమానం కూడా రాకూడదు. కానుక ఇవ్వలేని పేదల కొరకూ పూజ చేయాలని గట్టిగా కోరుతుంది. గురువు రోజుకు ఎన్ని పూజలు చేసినా, క్రిస్మస్ మినహా, ఒక్కదాని కానుకే తాను ఉంచుకోవాలి. నియమాలు మంచివే. అయినా ఆ బల్ల ముందు నిలబడ్డ మనిషి నోట "పూజకు ఎంత?" అన్న మాటే వస్తుంది, నేనూ అలాగే అడిగాను. ఇచ్చి పుచ్చుకునే చోట ఆ మాటను ఏ చట్టమూ ఆపలేదు.

ఇక ముడిలో రెండో పోగు పునీతులు. ఇక్కడ మన తెలుగే సగం చిక్కు తెచ్చిపెట్టింది. మిగతా సంఘాలవాళ్ళు ఆరాధన అనేదాన్ని కతోలికులు పూజ అంటారు. "అంతోనివారి పూజ" అని గోడ మీద రాస్తే, అంతోనికి పూజ చేస్తున్నారని బావ అనుకోవడంలో తప్పేముంది? 1562లో త్రెంతు మహాసభ ఈ అపార్థానికే జవాబిచ్చింది. పునీతుల గౌరవార్థం పూజ జరగవచ్చు గానీ, బలి అర్పించేది వాళ్ళకు కాదు, వాళ్ళకు కిరీటమిచ్చిన దేవుడికే. ఏ గురువూ పీఠం ముందు నిలబడి "పేతురా, నీకు ఈ బలి అర్పిస్తున్నాను" అనడు. పాత పుస్తకాల్లో పునీతులకు వాడిన మాట ఇంకా ఘోరం, "అర్చ్యశిష్టులు". అర్చన పొందదగినవాళ్ళు అన్నమాట. ఇంటి మాట అలా ఉంటే పక్కింటివాణ్ణి తిట్టి లాభం లేదు. ఇప్పుడు వాడే "పునీతులు" చాలా నయం. పునీతుడు అంటే శుద్ధి అయినవాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయినవాడు.

బావ అభ్యంతరం ఇంకా గట్టిది. "కలెక్టరు తలుపు తీసి కూర్చుంటే బంట్రోతును పట్టుకోవడం ఎందుకు?" తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయం ఐదో వచనం ఆయనకు నోటికొచ్చు. దేవుడికీ నరులకూ మధ్యవర్తి ఒక్కడే, క్రీస్తు యేసు. ఆ వచనాన్ని కతోలికులు కాదనరు. అదే అధ్యాయం మొదటి వచనంలో అందరి కొరకూ విజ్ఞాపనలు చేయమని పౌలు అడిగాడు కదా అంటారు. బావ ఫోన్లో ప్రేయర్ గ్రూపు ఒకటుంది. తెల్లారి లేస్తే "నా ఇంటర్వ్యూ కొరకు ప్రార్థించండి బ్రదర్", "అమ్మ ఆపరేషన్ కొరకు ప్రార్థించండి" అని యాభై మెసేజీలు. వాళ్ళెవరూ యేసును పక్కనపెట్టి బావ కాళ్ళు పట్టుకోవడం లేదు. ఒక విశ్వాసి ఇంకో విశ్వాసిని అడుగుతున్నాడు, అంతే. అదే మనిషి రేపు చనిపోయి దేవుడి దగ్గరికి చేరితే గ్రూపులోంచి తీసేయాలా అన్నదే మా ఇద్దరి మధ్య అసలు తగాదా. కతోలికులు తీసేయరు.

కలెక్టరాఫీసు పోలికను బావ కన్నా ముందు పాడుచేసింది మనవాళ్ళే. హైదరాబాదులో పుట్టిన ఎవరికైనా పైరవీ అంటే తెలుసు. పెద్దాయనకు దగ్గరివాణ్ణి పట్టుకుంటే పని తొందరగా అవుతుంది. మరియమ్మ చెబితే కొడుకు కాదనడు అని మా పెద్దమ్మ అనేది. ఆ మాటలో దేవుడు మొండివాడు, ఆమె మెత్తనిది అన్న అర్థం వస్తే అది కతోలిక విశ్వాసం కాదు, పైరవీ. కానా ఊరి పెళ్ళిలో ఆమె కొడుక్కి చెప్పింది "వారికి ద్రాక్షారసం లేదు" అని, పనివాళ్ళకు చెప్పింది "ఆయన చెప్పినట్టు చేయండి" అని. అంతవరకే ఆమె పని. ఆమె పాత్ర క్రీస్తు ఏకైక మధ్యవర్తిత్వాన్ని ఏమాత్రం తగ్గించదని రెండో వాటికన్ పత్రం నొక్కి చెప్పింది. 2025 నవంబర్ 4న రోములోని విశ్వాస సిద్ధాంత విభాగం ఇంకో అడుగు వేసి, మరియమ్మను సహరక్షకురాలు అనడం తగదని ఒక పత్రం విడుదల చేసింది. బావకు దాని సంగతి చెప్పాను. "ఇన్నాళ్ళకా" అన్నారు.

సీతమ్మతో చెప్పించుకుంటే రాముడు వింటాడన్న నమ్మకం గోల్కొండలో రామదాసు చెరసాల చూడ్డానికి వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. నాంపల్లి యూసుఫైన్ దర్గా దగ్గర చాదర్ కప్పేవాళ్ళకూ, వసీలా (ఇంకొకరి ద్వారా దేవుణ్ణి చేరడం) పేరుతో అలా అడగడమే తప్పనే ముస్లింలకూ మధ్య అచ్చం మాలాంటి వాదనే నడుస్తుంది. పెద్దవాడి దగ్గరికి ఇంకొకరి చేయి పట్టుకుని వెళ్ళడం ఈ నేలమీద అందరికీ అలవాటైన భాష. అందుకే ఇక్కడ మరియమ్మ గుడులకు వేరే మతాలవాళ్ళు కూడా అంత చనువుగా వస్తారు. సెప్టెంబర్ 8న ఖైరతాబాద్ ఆరోగ్యమాత గుడి దగ్గర చూడండి. అందుకే, ఆ పాత అలవాట్లన్నీ వదిలి సంఘంలో చేరినవాళ్ళకు ఇది అంత చిరాకు తెప్పిస్తుంది.

చనిపోయినవాళ్ళతో మాట్లాడటం ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయంలో నిషేధం కదా? నిషేధమే. సోది చెప్పించుకోవడం, ఆత్మలను పిలిపించి కబుర్లడగడం కతోలికులకూ పాపమే, సత్యోపదేశం ఆ మాట రాసే చెప్పింది. సోది దగ్గర జనం కోరేది జవాబు. పోయినవాడు పలకాలి, దాచిన నగ ఎక్కడుందో చెప్పాలి. అంతోనివారిని అడిగేవాడు ఏ గొంతూ వినిపించాలని కూర్చోడు. మరి ఒకేసారి వేలమంది అడిగితే ఆయనకు వినపడుతుందా అంటే, తన శక్తితో వినపడదు. మోక్షంలో ఉన్నవాళ్ళు తమకు తెలియాల్సింది దేవుడిలోనే చూసి తెలుసుకుంటారని మధ్యయుగపు కతోలిక వేదాంతి థామస్ అక్వినాస్ వివరణ. ప్రకటన గ్రంథం ఐదో అధ్యాయంలో ఇరవై నలుగురు పెద్దల చేతుల్లో ధూపంతో నిండిన పాత్రలుంటాయి, ఆ ధూపం పరిశుద్ధుల ప్రార్థనలే. అయినా, పోయిన పునీతులను ఇలా అడగండి అని బైబిల్లో ఒక్క వచనం కూడా సూటిగా లేదన్నది నిజం. దాన్ని దాచి వాదించడం అనవసరం. ఇది శ్రీసభ చాలా ముందుగానే మొదలుపెట్టిన అలవాటు. రోములో సెబాస్తియాను పేరున్న భూగర్భ సమాధుల దగ్గర గోడ మీద మూడో శతాబ్దంలో ఎవరో గీకిన అక్షరాలున్నాయి. పౌలూ, పేతురూ, విక్టర్ కొరకు అడగండి. ఆ విక్టర్ ఎవరో, ఏం కష్టంలో ఉన్నాడో.

ఇప్పుడు ఒక మనిషి విషయంలో "కొరకు" ఎప్పుడు మారుతుందో చూడండి. మదర్ తెరెసా 1997 సెప్టెంబర్ 5న చనిపోయారు. మర్నాటినుంచి ఆమె ఆత్మ కొరకు పూజలు జరిగాయి. 2003 అక్టోబర్ 19న ధన్యురాలిగా (పునీతురాలికి ముందు మెట్టు), 2016 సెప్టెంబర్ 4న పునీతురాలిగా ప్రకటించారు. ఇప్పుడు ఆమె కొరకు పూజ పెట్టిస్తామంటే ఫాదర్ గారు నవ్వుతారు. ప్రకటన ఆమెను మోక్షానికి పంపలేదు. ఆమె చేరిందని శ్రీసభ పూచీ పడింది, మన వాక్యంలో విభక్తి మారింది. మధ్యలో అద్భుతాల విచారణ అంతా అందుకే. ఆమె ద్వారా అడిగితే దేవుడు ఇచ్చాడంటే ఆమె ఆయన దగ్గరే ఉన్నట్టు గుర్తు అని. పాదువా అంతోనివారి విషయంలో ఇది మెరుపులా జరిగింది. 1231 జూన్ 13న పోతే ఏడాది తిరక్కుండానే, 1232 మే 30న పునీతుడయ్యారు. మన దగ్గర పెద్దావుటపల్లిలో 1945 జనవరి 15న పోయిన బ్రదర్ జోసఫ్ తంబి సమాధి దగ్గరికి ప్రతి సంక్రాంతికీ ఇటునుంచి బస్సులు కదులుతాయి. పునీతుడిగా ఆయన్ను ఇంకా ప్రకటించలేదు. జనం ఎవరికివారు ఆయన్ను అడుక్కోవచ్చు గానీ, గుడిలో పునీతులకు చేసే బహిరంగ గౌరవం ఆయనకు అప్పుడే చేయకూడదు. జనం విభక్తి ముందే మార్చేశారు, రోము ఇంకా మార్చలేదు.

పసిబిడ్డల విషయంలో ఎవరి ప్రకటనా అక్కర్లేదు. జ్ఞానస్నానం పొంది, మంచీ చెడూ తెలియని వయసులో పోయిన బిడ్డకు శుద్ధి కావలసింది ఏమీ ఉండదు. ఆ అంత్యక్రియల్లో పాపక్షమాపణ మాట రాదు, ప్రార్థనలో "కొరకు" తల్లిదండ్రుల వైపు తిరుగుతుంది. చిన్న పెట్టె ముందు నిలబడి ఆ తేడా ఒకసారి విన్నాను. ఆ తల్లికి అది వినపడిందో లేదో.

మన ఇళ్ళలో అంతోనివారికి జరిగేది వేరే వేదాంతం. మా అమ్మమ్మ గాజు పోతే ఆయన విగ్రహాన్ని గోడవైపు తిప్పి పెట్టేది, దొరికేదాకా అంతే శిక్ష. ఫాదర్ గారు మూఢనమ్మకమని కోప్పడితే, "మా ఇద్దరి మధ్యా మీరెందుకు ఫాదర్" అంది. ఫాదర్ గారే సరి. కానీ అమ్మమ్మ ఆ బొమ్మను దేవుడనుకోలేదనడానికి ఇంతకన్నా రుజువు ఉండదు. దేవుణ్ణి ఎవరూ గోడవైపు తిప్పరు.

మరి మా అమ్మ ఏ వరసలో ఉన్నట్టు? ఆమెను ఎవరూ ప్రకటించలేదు, ప్రకటించరు. నవంబర్ 1 సకల పునీతుల పండుగ, పేరు తెలియని పునీతులందరికీ. 2 ఇంకా దారిలో ఉన్నవాళ్ళకు. ఆమె మొదటి తేదీలో ఉందో రెండో తేదీలో ఉందో తెలియదు కాబట్టి కొవ్వొత్తి వెలిగిస్తాం. అక్క ఆమె ఆత్మ కొరకు పరలోక జపం చెబుతుంది. లేచి చీర దులుపుకుంటూ, "అమ్మా, వాడి ఎంసెట్ నువ్వే చూసుకోవాలి" అంటుంది. ఒక్క నిమిషంలో రెండు విభక్తులూ అయిపోతాయి. బావ చెప్పిన గందరగోళం అచ్చంగా ఇదే, సత్యోపదేశం ఒప్పుకునేదీ ఇదే. పోయినవాళ్ళ కొరకు మనం చేసే ప్రార్థన వాళ్ళకు సాయపడటమే కాదు, మన కొరకు వాళ్ళు చేసే ప్రార్థనకూ బలమిస్తుందని అందులో ఉంది.

ఇదంతా ఒకేసారి చెప్పలేదు. రెండు మూడు నవంబర్లు, చాలా చాయ్‌లు పట్టింది. పోయినేడు బావ వేరే ప్రశ్న వేశారు.

"బాప్తిస్మం తీసుకోనివాళ్ళ కొరకు కూడా చేస్తారా?"

చేస్తారన్నాను. పూజను బతికున్నవాళ్ళలోగానీ పోయినవాళ్ళలోగానీ ఎవరి కొరకైనా అర్పించవచ్చని చట్టసంహిత 901లో ఉంది. ఎవరి విశ్వాసం దేవుడికొక్కడికే తెలుసో ఆ మృతులందరి కొరకూ అని పూజలో ఒక ప్రార్థనే ఉంది. ప్రాణం తీసుకున్నవాళ్ళ కొరకు కూడా శ్రీసభ ప్రార్థిస్తుంది. ఏ మనిషి విషయంలోనూ దేవుడి తీర్పు మనకు తెలియదు కాబట్టి.

బావ వాళ్ళ అమ్మ జనగామ దగ్గర పల్లెలో పోయింది, ఈయన రక్షణ పొంది సంఘంలో చేరడానికి ఆరేళ్ళ ముందు. ఏటా పెత్రమాసకు వాళ్ళ అన్న ఆమె పేరు మీద బియ్యం ఇస్తాడు, ఈయన వెళ్ళడు. పెద్దలకు పెట్టడం వేరు, ఇది వేరు. అక్కడ కొడుకు పోయినవాళ్ళకే ఇస్తాడు, ఇక్కడ వాళ్ళకు ఇవ్వమని దేవుణ్ణి అడుగుతారు. కానీ రెంటిలోనూ ఆ పేరు ఒకసారి పైకి పలుకుతారు. బావ సంఘంలో ఆ పేరు పలికే చోటు లేదు.

"పేరు చదువుతారా?" అన్నారు.

"పొద్దున ఆరున్నర పూజలో చదువుతారు బావా."

ఆయన పెట్టించలేదు. కప్పు కడిగే కుర్రాడికి డబ్బులిచ్చి, లోపలినుంచి వస్తున్న అక్క చేతిలోని పూలసంచి అందుకున్నారు.